ఎవరికో మొక్కిన పిట్ట

జుల్మీరా నోట్లో నువ్వుగింజ నానదని పెద్రా మాన్సా ఊరంతటికీ తెలుసు. రొట్టెల దుకాణం ముందు ఆమె నిలబడిందంటే, వెనకొచ్చిన వాళ్ళు తమకు రొట్టె అవసరమా కాదా అని ఇంకోసారి ఆలోచించుకునేవాళ్ళు. ఆమె కుట్టుపని చేస్తుంది. పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పట్టుకుని కూడా ధారాళంగా మాట్లాడగల మనిషి. యాభై ఏళ్ళు దాటాయి, భర్త పోయాడు, పిల్లలు లేరు. తల్లి దగ్గరికే వచ్చి ఉంటూ ఊళ్ళోవాళ్ళ పరదాలూ, గౌన్లూ, పండగ బట్టలూ కుట్టి రోజులు గడుపుతోంది.

తల్లి ఎర్మెలిండాది వేరే పద్ధతి. ఊరు ఆమెను మర్యాదగా దోనా ఎర్మెలిండా అనేది. ఆమె మాటల్ని పంచదారలా పొదుపుగా వాడేది. జుల్మీరాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ తల్లి నోట ఎక్కువగా విన్న మాట ఒక్కటే, "కాస్త ఆపవే!" ఇప్పుడామెకు ఎనభై దాటి కొన్నేళ్ళయింది. జ్ఞాపకం జల్లెడైపోయింది. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు, చచ్చిపోయిన మొగుడు కాఫీతోటకి వెళ్ళాడనే అనుకుంటుంది.

ఆ చలికాలం ఒక మధ్యాహ్నం ఇద్దరూ వంటింట్లో కూర్చుని మొక్కజొన్న కేకు తింటూ కాఫీ తాగుతున్నారు. ముసలామెకు పొలమారింది. జుల్మీరా లేచి వీపు మీద చరుస్తూ, ఆ ఊళ్ళో ఎవరికి పొలమారినా ఎవరైనా అనేదే తనూ అంది. "సావో బ్రాస్! సావో బ్రాస్! గొంతు కాపాడు స్వామీ!"

ముసలామె దగ్గు ఆపుకుని కప్పు కింద పెట్టింది. ఆమె కళ్ళు ఒక్కసారిగా తేటపడ్డాయి.

"నేనొక పిట్టను బాకీ పడ్డానే," అంది.

"పిట్టేంటమ్మా? ఎవరింటి కోడినైనా తిన్నామా? నాకు తెలియకుండా నువ్వెప్పుడు..."

"గుడ్డ పిట్ట. నా పెళ్ళి దుప్పటితో కుట్టిస్తానని మొక్కాను. ఇవ్వనేలేదు. నువ్వు కుట్టి ఇచ్చెయ్. మొక్కు మెడకేసుకుని నేనెట్లా పోయేది?"

"ఏ పునీతుడికి మొక్కావు?"

ముసలామె ఆలోచించింది. "అదే గుర్తుకు రావట్లేదు."

"పోనీ ఎందుకు మొక్కావు?"

"కష్టమొచ్చింది, మొక్కాను. తీరింది."

"ఏం కష్టమమ్మా తల్లీ?"

"తీరిపోయిన కష్టం ఎవరికి గుర్తుంటుందే? నువ్వు ముందు నోరు మూసుకుని కుట్టు."

అంతే. మళ్ళీ కళ్ళ మీద పొర కమ్మేసింది. కానీ విచిత్రమేమంటే, అన్నీ మరిచిపోయే మనిషి ఈ ఒక్కటి మాత్రం మరవలేదు. మర్నాడు లేస్తూనే, "పిట్ట అయిందా?" అంది. ఆ మర్నాడూ అంతే. తర్వాత తిండి తగ్గించేసింది. అన్నం, చిక్కుడుగింజలు పెడితే గిన్నె పక్కకు తోసి, "బాకీ పెట్టుకుని ఎలా తింటాను?" అని గోడకేసి చూస్తూ కూర్చునేది.

జుల్మీరాకు భయం పట్టుకుంది. మొక్కు తీర్చకుండా పోయినవాళ్ళ ఆత్మ గుమ్మాల చుట్టూ తిరుగుతూ, 'నా బాకీ తీర్చండి' అని అడుగుతుందని అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. గుడి కాపరి ఒతాసీలియో వాళ్ళ అత్త ఒక్క కొవ్వొత్తి బాకీకి ఎన్నేళ్ళు తిరిగిందో చెబితే ఇప్పటికీ జనం శిలువ గుర్తు వేసుకుంటారు. కొవ్వొత్తికే అంత తిరుగుడైతే పెళ్ళి దుప్పటితో కుట్టిన పిట్టకెంత? బతికున్నన్నాళ్ళూ ఎవరినీ చిటికెడు ఉప్పు కూడా అరువడగని తల్లి, చచ్చాక గుమ్మం గుమ్మం తిరిగి అడుక్కోవడమా? ఆ ఊహే జుల్మీరా గుండెల్లో రాయిలా పడింది.

పిట్ట కుట్టడం ఆమెకొక లెక్కా? కానీ ఏ పిట్ట? ఎవరికి?

గుడికెళ్ళింది. ఒతాసీలియో ఇత్తడి దీపస్తంభాలు తోముతున్నాడు.

"పిట్టంటే పావురమే," అన్నాడు తలెత్తకుండా. "దేవుడి ఇంటికి కాకిని తెస్తావా ఏంటి?"

"మా అమ్మ పావురమని అనలేదు. పిట్ట అంది."

"ముసలాళ్ళకు ఎగిరేవన్నీ పిట్టలే."

"సరే, ఏ పునీతుడికి?"

"పక్షులంటే ఫ్రాన్సిస్. పోయిన వస్తువు దొరికితే అంతోనియో. మీ అమ్మదేమైనా పోయిందా?"

"జ్ఞాపకం పోయింది."

"అది మొన్నేగా పోయింది. అంతకు ముందు ఏం పోయింది?" అని, ఆమె మళ్ళీ నోరు తెరిచేలోపు చేత్తో పక్కగది చూపించాడు. "అదిగో, ఊరి మొక్కులన్నీ అక్కడే వేలాడుతున్నాయి. పోయి చూసుకో. నన్ను వదిలెయ్ తల్లీ, నీకు పుణ్యముంటుంది."

జుల్మీరా ఆ గదిలోకి వెళ్ళి నిలబడింది. కాలు బాగైన వాళ్ళు మైనపు కాలు ఇచ్చారు. తలనొప్పి తగ్గిన వాళ్ళు చెక్క తల ఇచ్చారు. వరదలో ఇల్లు నిలిచిన వాళ్ళు అగ్గిపెట్టెంత ఇల్లు చేసి తగిలించారు. ఏది బాగుపడితే దాని బొమ్మ. చేతులు, రొమ్ములు, కళ్ళు, ఒక ఆవు కూడా ఉంది. పిట్ట మాత్రం ఒక్కటీ లేదు. తన తల్లి ఒంట్లో బాగుపడాల్సిన పిట్ట ఎక్కడుంది? జుల్మీరా తన ఒళ్ళంతా తడిమి చూసుకున్నంత పని చేసింది. వెళ్ళినప్పుడు ఒక్క సందేహంతో వెళ్ళిన మనిషి వచ్చేటప్పుడు మూడు మోసుకొచ్చింది.

ఇంటికొచ్చి తల్లి పెట్టె తీసింది. అడుగున పెళ్ళినాటి నార దుప్పట్లున్నాయి. చుట్టూ తల్లి చేత్తో అల్లిన అంచు. వాడి వాడి వెన్నలా మెత్తబడ్డాయి, మూలుగుతూ పడుండి పసుపెక్కాయి. ఒకటి విప్పి చూస్తే కాళ్ళవైపు చదరంగా ఒక ముక్క లేదు. ఎలకైతే కొరికి పోగులు చేస్తుంది. ఇది కత్తెరతో, కొలతపెట్టి కోసింది. పెళ్ళి దుప్పటిని ఎవరైనా కోస్తారా? అందులోనూ గౌను చిరిగితే అతుకేసి, ఆ అతుకు చిరిగితే దానికింకో అతుకేసిన తన తల్లా?

"అమ్మా, ఇదెవరు కోశారు?"

ముసలామె ఆ కంతలో చెయ్యి పెట్టి, అవతల కనిపించే తన వేళ్ళని చూసి నవ్వింది.

ఎలాగూ కోసిన దుప్పటే కదా అని జుల్మీరా దాన్నే తీసుకుంది. సబ్బు పట్టించి పెరట్లో గడ్డి మీద పరిచి, ఎండ తగిలినప్పుడల్లా నీళ్ళు చల్లుతూ పసుపంతా విరిచింది. నీలిమందు నీళ్ళలో ముంచి ఆరేసింది. అది ఆరేలోపు పక్కింటి దోనా లాజరా దగ్గరికి పోయింది.

దోనా లాజరా దిష్టి తీస్తుంది, బెణుకులు సరిచేస్తుంది, పిల్లలకు మంత్రం వేస్తుంది. కొండ అవతలి ఊరి మనిషి, నడివయసులో ఇక్కడికి వచ్చింది. వెళ్ళేసరికి ఆమె పెరట్లో ఒక పడుచు తల్లి మూడేళ్ళ పాపను ఒళ్ళో పట్టుకుని ఉంది. పాపకు ఇంకా మాటలు రాలేదట. లాజరా గుప్పిట్లో ఒక కోడిపిల్ల. ఆమె పాప గడ్డం పట్టుకుని, బొటనవేలితో కింది పెదవి నొక్కి, కోడిపిల్ల ముక్కు నోటి దగ్గర పెట్టింది. కోడిపిల్ల కియ్ కియ్ మని గోల చేసింది. పాప ఏడ్చింది.

"చాలు. నోట్లో కూత పడింది. ఇక మాటలు వాటంతటవే వస్తాయి," అని లాజరా కోడిపిల్లను కింద వదిలేసింది.

జుల్మీరా పకపకా నవ్వింది. "నాకు మాత్రం పుట్టగానే కోడిపుంజునే కూయించి ఉంటారు లాజరత్తా!"

"నీకు విరుగుడుంటే చెయ్యమని ఊరంతా నా కాళ్ళమీద పడుతున్నారు. ఏంటిలా వచ్చావు?"

జుల్మీరా అంతా చెప్పింది. లాజరా గింజలు చల్లుతూ వింది. "ఏ పిట్టో తెలియాలంటే ఏ కష్టమో తెలియాలి పిల్లా. ఏ కష్టమో తెలిస్తే ఏ పునీతుడో తెలుస్తుంది. మీ అమ్మకొచ్చిన కష్టాలేంటో నీకు తెలీదా?"

జుల్మీరా అయితే ఊళ్ళో ఎవరి కూతురు ఎవరితో లేచిపోయిందో, ఎవరి ఆవు ఎప్పుడు ఈనిందో చెప్పగలదు. కన్నతల్లికి ఏం కష్టమొచ్చిందో తెలీదు. తను చిన్నపిల్లప్పుడు కొండ మీద కాఫీతోటలో ఉండేవాళ్ళని తెలుసు. ఆరేళ్ళప్పుడు కిందికి ఊళ్ళోకి వచ్చారు. తోటలో రోజులు తనకు సరిగ్గా గుర్తు లేవు, తల్లి చెప్పలేదు. తను ఎప్పుడైనా అడిగిందా? అడిగే ఉంటుంది. జవాబు చెప్పే సందు ఇచ్చిందా అంటే, అది ఆమెకే అనుమానం.

"ఇంతకాలం నేనే మాట్లాడుతున్నాను లాజరత్తా," అంది దిగులుగా.

"ఈ సంగతి నీకిప్పుడు తెలిసిందా?" అంది లాజరా.

సరే, పావురమే కుడదామనుకుంది. గుడి పండగకు ఎగరేసే జెండా మీది పావురాన్ని గుర్తు తెచ్చుకుని పాత పేపరు మీద గీసింది. రెండు పక్కలకు రెండు ముక్కలు, పొట్ట కింద పడవలాంటి ఒక ముక్క, రెక్కలకు నాలుగు. పాత నార కత్తెర తగలగానే పోగులూడిపోతుంటే రెండు పొరలు వేసి కుట్టింది. వంపుల దగ్గర గాట్లు పెట్టి, తోకవైపు సందు వదిలి, చెంచా కాడతో లోపలిది బయటికి తిప్పింది. రెక్కల చివర తల్లి అల్లిన అంచు వచ్చేలా చూసుకుంది. పాత దిండు విప్పి బూరుగు దూది కూరింది. తల్లి పిట్ట బొద్దుగా ఉంటే సంతోషిస్తుందని ఇంకొంచెం, మళ్ళీ ఇంకొంచెం కూరింది. మెడ మాయమైంది. పొట్ట ముందుకొచ్చింది. పావురాన్ని చేయబోతే కోడిపిల్ల అయింది. చివరికి పసుపు గుడ్డతో ముక్కు చేసి, రెండు దవడలూ కలిపి దగ్గర దగ్గరగా సన్న కుట్లు వేసి బిగించేసింది. నల్ల బొత్తాలు కళ్ళయ్యాయి.

తల్లి ముందు పెట్టింది. ముసలామె ఆశగా చేతుల్లోకి తీసుకుంది. రెక్కలు నిమిరింది. అంచు గుర్తుపట్టినట్టు వేళ్ళతో లెక్కపెట్టింది. తర్వాత ముక్కు తడిమి చూసి, ఒళ్ళోంచి పక్కకు నెట్టేసింది.

"ఇది పలకదు," అంది.

"గుడ్డ పిట్ట పలుకుతుందా అమ్మా? నువ్వు గుడ్డ పిట్టేగా అడిగావు? నేను ఇంత కష్టపడి..."

"ఇది కాదు. పలకదు."

ఆ రోజు ముసలామె కాఫీ కూడా ముట్టలేదు. పెదాలు బిగించి పడుకుంది. చెంచాతో సూపు పట్టిస్తే మూల నుంచి కారిపోయింది. పావురం కాకపోతే ఏంటి? పిచ్చుకా? పాడే కనారీ పిట్టా? పలకాలంటే లోపల చిన్న గంట పెట్టాలా? దుప్పటి ఇంకా మిగిలింది, కుడుతూ పోతే తల్లి మిగిలేలా లేదు. మనసులో గిర్రున తిరుగుతున్న ఈ మాటలన్నీ వినేవాళ్ళు లేక, పిట్టను చంకలో పెట్టుకుని మళ్ళీ పక్కింటికి పరిగెత్తింది.

దోనా లాజరా పిట్టను చూసింది. ముక్కు చూసింది. రెండడుగులు వెనక్కి వేసి శిలువ గుర్తు వేసుకుంది.

"ఏంటిది! నోరు కుట్టేశావేంటే!"

"ముక్కు విడిపోతుందని..."

"గిట్టనివాళ్ళ నోరు కట్టాలంటే కప్ప నోరు కుడతారని నీకు తెలీదా? పెళ్ళి దుప్పటితో పిట్టను చేసి, నోరు కుట్టేసి, కన్నతల్లి ఒళ్ళో పెట్టావా? ఎవరి నోరు కట్టడానికి?"

జుల్మీరా ముఖం పాలిపోయింది. తల్లి పెదాలు బిగించి పడుకోవడం కళ్ళముందు కదిలింది. "అయ్యో, నా చేతులు విరగ! అందుకేనా సూపు మింగట్లేదు? నేనే చేశానా ఇది? నేనేం పాపం ఎరగను లాజరత్తా, దారం గట్టిగా ఉండాలని..."

"ఏడుపు తర్వాత. ముందు విప్పు."

అక్కడే మెట్ల మీద కూర్చుని, లాజరా ఇచ్చిన చిన్న కత్తెరతో ఒక్కో కుట్టూ తెంచింది. తొందరలో పసుపు గుడ్డ కొంచెం చిరిగింది కూడా. దవడలు రెండూ విడిపోయాయి. లోపల దూది కనిపించి వికారంగా ఉంటే, లాజరా తన పాత ఎర్ర రుమాలులోంచి చిన్న ముక్క కోసిచ్చింది. జుల్మీరా దాన్ని నోటి లోపల అస్తరుగా వేసి కుట్టింది. ఇప్పుడు పిట్ట నోరు బార్లా తెరుచుకుంది, ఆకలేసిన పిల్లలా.

"పద, నేనూ వస్తాను. ఏదైనా అంటుకుంటే మంత్రం వేస్తాను," అని లాజరా ఒక రెమ్మ ఆకులు తెంపుకుని వెనకే నడిచింది.

ఎర్మెలిండా మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. జుల్మీరా దగ్గరికెళ్ళి, "అమ్మా, తప్పైపోయింది, చూడు, విప్పేశాను, నిన్నేమీ..." అంటూ పిట్టను ముందు పెట్టింది.

ముసలామె పిట్టను తీసుకుంది. వేలు పెట్టి ముక్కు లోపల తడిమింది. ఎర్ర గుడ్డ దగ్గర వేలు ఆగింది. ఆమె ముఖం మీద పొర తొలిగింది.

"ఇలా రా," అంది.

జుల్మీరా వంగింది. తల్లి ఎడమ చేత్తో ఆమె గడ్డం పట్టుకుంది. బొటనవేలితో కింది పెదవి నొక్కింది. తెరిచిన పిట్ట ముక్కును కూతురి నోటికి ఆనించింది.

"కియ్ కియ్ కియ్," అంది తల్లి, కోడిపిల్ల బదులు తనే, అరిగిపోయిన ఆ గొంతుతో. "మాట్లాడమ్మా. ఒక్క మాట. నా తల్లివి కదూ, ఒక్కటంటే ఒక్కటి."

గుమ్మంలో లాజరా చేతిలోని రెమ్మ కిందికి వాలిపోయింది.

జుల్మీరాకు మాట రాలేదు. తనకు గుర్తున్నంతలో ఎన్నడూ ఆగని మాట ఇప్పుడు గొంతులో అడ్డం పడింది. తల్లి కళ్ళు ఆమె పెదాల మీదే ఉన్నాయి. వాటిలో ఉన్నది మతిమరుపు కాదు, భయం. ఇది వస్తుందా, రాదా, ఇదిలా ఉండిపోతే నేను పోయాక ఎవరు చూస్తారు అన్న భయం. ఈ భయాన్ని జుల్మీరా ఎప్పుడూ చూడలేదనుకుంది. చూసే ఉంటుంది. అప్పటికి గుర్తుండే వయసు కాదు.

"అమ్మా," అంది.

ముసలామె పిట్టను వదిలేసి రెండు చేతులూ చరిచింది. "జువెనాల్! ఓ జువెనాల్! ఆ కాఫీ బుట్ట అక్కడ పారేసి రా! పిల్ల మాట్లాడింది! అమ్మా అంది!"

చచ్చిపోయిన తండ్రి తోటలోంచి రాలేదు. ఆమె గుమ్మంలో ఉన్న లాజరా వైపు తిరిగి, తోటలోని ఏ స్నేహితురాలనుకుందో, గొంతు తగ్గించింది. "సావో బ్రాస్ దయ. గొంతులు కాచే పునీతుడు ఆయనే కదా. పెళ్ళి దుప్పటితో పిట్టను కుట్టి తెస్తానని మొక్కాను. ముక్క కోసి పెట్టాను కూడా. కోతలు అవనీ, కుడతాను." తర్వాత కూతురు వినకుండా అన్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుంది. "దీనికి మాత్రం ఎప్పటికీ చెప్పొద్దు సుమా. నాలుగేళ్ళు మాట రాలేదని తెలిస్తే దానికి చిన్నతనంగా ఉంటుంది. నేనెవరికీ చెప్పను, నువ్వూ చెప్పకు."

"చెప్పను," అంది లాజరా. కళ్ళు తుడుచుకుంది.

జుల్మీరా మంచం పక్కన నేల మీద కూలబడింది. కోతలయ్యాక కూడా పిట్ట ఎందుకు కుదరలేదో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. తను మాట్లాడ్డం మొదలుపెట్టాక ఆ ఇంట్లో ఎవరికి తీరిక దొరికింది గనక?

తల్లి వంగి ఆమె జుట్టు సవరించింది. "ఇంకో మాట అను," అంది.

అన్నేళ్ళుగా 'ఆపవే' అన్న నోరే ఇప్పుడు ఇంకోటి కావాలంటోంది. జుల్మీరా ఏడుస్తూనే, ఏది ముందు తోస్తే అది మొదలుపెట్టింది. పొద్దున రొట్టెల దుకాణంలో ఎవరెవరున్నారో, ఒతాసీలియో దీపస్తంభాలు ఎంత అరకొరగా తోముతాడో, రేపు తెల్లారగానే ఇద్దరూ కలిసి సావో బ్రాస్ కోవెలకు ఏ బస్సులో వెళ్ళాలో, పిట్టను ఎవరి ఒళ్ళో పెట్టుకోవాలో చెప్పింది. లాజరా వంటింట్లోంచి సూపు గిన్నె తెచ్చి ముసలామె చేతికిచ్చింది. ఎర్మెలిండా కూతురి నోటివైపే చూస్తూ చెంచా తర్వాత చెంచా మింగింది. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఒక్కసారి కూడా ఆపమనలేదు.